ఫిట్స్ వచ్చాయి, హెచ్‌ఐవీ కూడా ఉంది: ఏ డాక్టరుకి ఏం చెప్పాలి?

తెనాలి అక్క
అందరికీ నమస్కారం. మా తమ్ముడి గురించి రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్లు, ఆటో నడుపుతాడు. హెచ్‌ఐవీ ఉందని తెలిశాక హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో టీఎల్‌డీ మాత్ర ఇచ్చేవాళ్లు, బాగానే ఉండేవాడు. పోయిన ఏడాది పని కోసం హైదరాబాద్ వెళ్లాడు. అక్కడ రూమ్‌లో నలుగురు కుర్రాళ్లతో ఉండేవాడు. డబ్బా ఎవరి కంటైనా పడుతుందేమోనని మాత్రలు మానేశాడట. ఈ సంగతి మాకు మొన్ననే తెలిసింది.

నెల రోజుల నుంచి తలనొప్పి అంటుంటే ఎండదెబ్బ అనుకున్నాం. పోయిన ఆదివారం ఇంట్లో అన్నం తింటుంటే ఎడమ చెయ్యి దానంతట అదే కొట్టుకోవడం మొదలైంది. పట్టుకుందామంటే ఆగలేదు. తర్వాత మూతి ఎడమ పక్కకి లాగేసి, ఒళ్లంతా బిగుసుకుని పడిపోయాడు. మా బాబాయి చేతిలో తాళాల గుత్తి పెట్టాడు. ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే సీటీ స్కాన్ తీసి, మెదడులో రింగుల్లాంటి మచ్చలు మూడు ఉన్నాయన్నారు. టీబీ గడ్డలు కావచ్చు, పురుగు గుడ్లు కావచ్చు, ఇంకా టెస్టులు చెయ్యాలన్నారు. ఫిట్స్ రాకుండా ఫెనిటోయిన్ మాత్రలు రాశారు.

హెచ్‌ఐవీ సంగతి అక్కడ చెప్పలేదు. ఆ వార్డులో మా వీధి అమ్మాయే నర్సు. రక్త పరీక్షలు రాయగానే భయపడి, సంతకం పెట్టి ఇంటికి తెచ్చేసుకున్నాం. ఇంట్లో మిగిలిన టీఎల్‌డీ డబ్బా ఉంటే మళ్లీ మొదలుపెట్టాడు. ఈ రెండు మాత్రలూ కలిపి వేసుకోవచ్చా? ఫిట్స్ హెచ్‌ఐవీ వల్లే వచ్చాయా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

సూర్యాపేట మామ
ముందు ఆ తాళాల గుత్తి సంగతి. ఇనుము పెట్టడం వల్ల ఆగదమ్మా, దానంతట అదే ఆగుతుంది. ఇనుము పెట్టిన టైముకి ఆగింది కాబట్టి ఇనుమే ఆపింది అనుకుంటారు జనం. మళ్లీ వస్తే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చుట్టూ గిన్నెలూ మంచం కోళ్లూ లేకుండా చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్లు ఏమీ పెట్టొద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చెయ్యాలి. మా ఇంట్లో అబ్బాయికి డాక్టరు ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే రాసిచ్చారు, మీరూ అడగండి.

నరాల జూనియర్
న్యూరాలజీ పీజీ చేస్తున్నాను. అక్కా, మీ పోస్టు చదివాక ఒకటే చెప్తాను: రేపటిదాకా ఆగొద్దు, ఈ రోజే మళ్లీ ఆసుపత్రికి తీసుకెళ్లండి, హెచ్‌ఐవీ ఉందని, మాత్రలు మానేశాడని చెప్పండి. పాత ఆసుపత్రి ఇష్టం లేకపోతే ఏఆర్‌టీ సెంటర్ ఉన్న ప్రభుత్వ పెద్దాసుపత్రికి వెళ్లండి. స్కాన్ ఫిల్ములు మర్చిపోవద్దు.

ఎందుకంటే, అదే స్కాన్ చూసి మేం అనుకునేది ఈ ఒక్క మాటతో మారిపోతుంది. మన దగ్గర మామూలు మనిషికి ఫిట్స్ వచ్చి మెదడులో రింగు కనిపిస్తే మొదట తట్టేవి రెండు: బద్దెపురుగు లార్వా తిత్తి (పురుగు గుడ్డు అంటున్నది దీన్నే), టీబీ గడ్డ. హెచ్‌ఐవీ ఉండి సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) వంద కంటే తగ్గిన మనిషికి అవే రింగులు కనిపిస్తే లిస్టులో పైకి వచ్చేది టాక్సోప్లాస్మా. ఇదొక సూక్ష్మజీవి. సరిగ్గా ఉడకని మాంసం వల్లో, పిల్లి మలం కలిసిన మట్టి వల్లో ఎప్పుడో ఒంట్లోకి వచ్చి నిద్రపోతూ ఉంటుంది. రోగనిరోధక శక్తి పడిపోగానే మెదడులో లేస్తుంది. దాని మందు వేరు, టీబీ మందు వేరు, బద్దెపురుగుకి ఇచ్చే మందు వేరు. వీటికి తోడు మెదడులో వచ్చే లింఫోమా అనే క్యాన్సర్ కూడా రింగులాగే కనిపించొచ్చు. హెచ్‌ఐవీ సంగతి తెలియని డాక్టరు వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఇస్తే లింఫోమా కొన్నాళ్లు కుంచించుకుపోతుంది, అప్పుడు అసలు జబ్బేదో తేల్చడం కష్టమవుతుంది.

ఎడమ చెయ్యితో మొదలైందన్నారు చూడండి, అది చాలా పనికొచ్చే సమాచారం. కుడివైపు మెదడులో మచ్చ చికాకు పెడుతోందని దాని అర్థం. డాక్టరుకి అలాగే వరసగా చెప్పండి, "ఫిట్స్ వచ్చాయి" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు.

ఇక ఫిట్స్ హెచ్‌ఐవీ వల్లేనా అంటే, చాలాసార్లు హెచ్‌ఐవీ తలుపు తీస్తుంది, లోపలికి వచ్చేది ఇంకొకటి. టాక్సో, టీబీ, క్రిప్టోకోకస్ అనే ఫంగస్, జేసీ వైరస్ వల్ల వచ్చే పీఎంఎల్ అనే మెదడు జబ్బు, ఇవన్నీ అలా వచ్చేవే. వైరస్ తనంతట తాను కూడా మెదడుని దెబ్బతీస్తుంది. ఒంట్లోకి వచ్చిన తొలి వారాల్లోనే మెదడుకి చేరుతుంది. నరాల కణాల్లో కాకుండా వాటి పక్కన ఉండే కాపలా కణాల్లో తిష్ఠ వేసి, అక్కడి నుంచి వాపు రేపుతుంది. కానీ మూడు రింగులున్న మీ తమ్ముడి విషయంలో ఆలోచించాల్సింది ముందు ఇన్ఫెక్షన్ గురించే.

మందుల షాపు
అక్కా, రెండు మాత్రలూ కలపొచ్చా అన్న మీ ప్రశ్నకి నేను చెప్తాను, గుంటూరులో మెడికల్ షాపు నాది. టీఎల్‌డీలో మూడు మందులుంటాయి: టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. ఫెనిటోయిన్ లివర్‌లో మందుల్ని అరగదీసే ఎంజైముల్ని రెచ్చగొడుతుంది. దాంతో డోలుటెగ్రావిర్ రక్తంలో నిలవాల్సినంత నిలవదు. మాత్ర రోజూ వేసుకుంటున్నా వైరస్ అణగదు, ఆ అరకొర మోతాదుకి అది అలవాటుపడి మందుకి లొంగకుండా తయారయ్యే ప్రమాదం కూడా ఉంది. కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ కూడా ఇదే తరహా. ఈ గొడవ లేని ఫిట్స్ మందు లెవెటిరాసెటమ్. అది ఎక్కువగా కిడ్నీల ద్వారా బయటికి పోతుంది, హెచ్‌ఐవీ మందుల జోలికి రాదు. కిడ్నీ పరీక్ష చూసి డోసు వేస్తారు.

నా కౌంటర్ దగ్గర రోజూ చూసేదే ఇది. ఒక చీటీ ఒక డాక్టరుది, ఇంకో చీటీ ఇంకొకరిది. ఏఆర్‌టీ మాత్రలు ఉచితంగా సెంటర్‌లోనే వస్తాయి కాబట్టి ఆ చీటీ నా దాకా రాదు. రెండు చీటీలూ చూసే మనిషి ఎక్కడా ఉండడు.

రావులపాలెం రాజు
అయితే ఫెనిటోయిన్ వెంటనే ఆపేసి టీఎల్‌డీ ఒక్కటే వాడమనండి. సింపుల్.

నరాల జూనియర్
రాజు గారూ, దయచేసి అలా చెప్పకండి. మెదడులో మచ్చలున్న మనిషికి ఫిట్స్ మాత్ర హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదకి తెస్తుంది. ఒకటి ఎక్కిస్తూ ఒకటి దించాలి, అదీ డాక్టరు చెప్పినట్టు.

ఇంకో సంగతి. ఇలాంటప్పుడు టీఎల్‌డీని సొంతంగా మళ్లీ మొదలుపెట్టడం కూడా సరైన పని కాదు. ఏ ఇన్ఫెక్షనో తేలాకే అది ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్తారు. టాక్సో అయితే చికిత్స మొదలైన రెండు వారాల్లోపే ఇస్తారు. క్రిప్టోకోకస్ మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అయితే నాలుగు నుంచి ఆరు వారాలు ఆగుతారు. టీబీ మెనింజైటిస్ అయితే కనీసం నాలుగు వారాలు. ఎందుకంటే టీఎల్‌డీతో రోగనిరోధక శక్తి ఒక్కసారిగా లేచి లోపలున్న క్రిముల మీద పడితే మెదడులో వాపు పెరుగుతుంది. బయటైతే ఓ గడ్డ వాచినా సర్దుకుంటుంది, పుర్రె లోపల వాచడానికి చోటుండదు.

పాతకాపు
చెల్లెమ్మా, నాది 2007 నాటి కథ. అప్పుడు లారీ మీద తిరిగేవాణ్ణి. ఒంగోలు దాటాక ఓ డాబా దగ్గర ఫిట్స్ వచ్చి పడిపోయా, తాగి పడ్డాడనుకుని క్లీనరు తప్ప ఎవరూ దగ్గరికి రాలేదు. మెదడులో టీబీ గడ్డ. అప్పట్లో ఇచ్చే ఏఆర్‌టీలో నెవిరాపిన్ ఉండేది, టీబీ మందులోని రిఫాంపిసిన్‌తో దానికి పడదని ఎఫావిరెంజ్‌కి మార్చారు. ఆ ఎఫావిరెంజ్ కలలు ఎలా ఉండేవంటే, రాత్రంతా సినిమా చూసి పొద్దున్నే టికెట్ డబ్బులు కట్టాలేమో అనిపించేది. ఫెనిటోయిన్ వల్ల చిగుళ్లు వాచాయి, నడుస్తుంటే తూలేది. అయినా బతికున్నా. మనవరాలి అన్నప్రాసన కూడా చేశా.

గడ్డ కరగడానికి ఏడాది పైనే మందు వాడాల్సి వచ్చింది. మధ్యలో స్కాన్‌లో గడ్డ పెద్దదైనట్టు కనిపించింది. మందు పనిచేయట్లేదని గుండె ఆగినంత పనైంది, తీరా చూస్తే జూనియర్ బాబు చెప్పిన ఆ వాపే. స్టెరాయిడ్‌తో తగ్గించారు. ఏఆర్‌టీ మాత్రం ఆపలేదు.

మీ తమ్ముడు మాత్రలు ఎందుకు మానేశాడో నాకు అర్థమవుతుంది. తిట్టకండి.

కౌన్సిలర్ అక్క
ఏఆర్‌టీ సెంటర్‌లో కౌన్సిలింగ్ చేస్తాను. ఆ నర్సమ్మాయి గురించి ముందు చెప్తాను, ఎందుకంటే అసలు అడ్డం అదే. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. పని మీద తెలిసిన హెచ్‌ఐవీ సంగతి మనిషి అనుమతి లేకుండా బయట చెప్పడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు. హెచ్‌ఐవీ ఉందని వైద్యం చేయననడం కూడా కుదరదు. ఇరవై మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి. చట్టం ఉంటే నోళ్లు ఆగుతాయా అంటారేమో, అన్నిచోట్లా ఆగవు. కానీ "నాకు ఈ చట్టం తెలుసు" అని మెల్లగా ఒక మాట అంటే అవతలివాళ్లు జాగ్రత్తపడటం నేను చాలాసార్లు చూశాను.

డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడగండి. వార్డులో అందరి ముందూ చెప్పనక్కర్లేదు. కేస్ షీటు అట్ట మీద హెచ్‌ఐవీ అని ఎర్ర సిరాతో రాయొద్దని కూడా అడగొచ్చు. డాక్టర్లకి ఇది కొత్త సంగతేమీ కాదు తల్లీ. 2021 జాతీయ అంచనాల్లో దేశం మొత్తం మీద పెద్దల్లో 0.21 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. వాళ్ల ఓపీలో మీ తమ్ముడి కంటే ముందు చాలామంది కూర్చుని వెళ్లారు.

సెంటర్‌లో మానేసిన కేసు అని కోప్పడతారని భయపడకండి. కోప్పడితే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, ఉచితం. సీడీ4, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చూసే పరీక్ష) చేయించండి. తలనొప్పి నెల నుంచి ఉందన్నారు కాబట్టి క్రిప్టోకోకస్ యాంటిజెన్ టెస్టు కూడా అడగండి, కాస్త రక్తంతో అయిపోతుంది.

తెనాలి అక్క
అందరికీ దండాలు. నిన్న పెద్దాసుపత్రిలో చేర్చాం. చెప్పేశాను. డాక్టరమ్మ ఏమీ అనలేదు, ఏఆర్‌టీ పుస్తకం చూపించమన్నారంతే. సీడీ4 62 వచ్చింది. ఎమ్మారై రాశారు. రేపు నడుంలోంచి నీళ్లు తీయాలేమో చూస్తామంటున్నారు. మా అమ్మ ఒప్పుకోవట్లేదు. నడుంలో సూది వేస్తే కాళ్లు పడిపోతాయని, మా ఊళ్లో ఒకాయనకి అలాగే అయిందని ఏడుస్తోంది.

నరాల జూనియర్
అమ్మ గారికి ఇలా చెప్పండి. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోతుంది, సూది అంతకంటే కింద వేస్తాం. అక్కడ నీళ్లలో తేలుతూ నరాల పోగులుంటాయి, సూది వస్తే పక్కకి జరుగుతాయి. కాళ్లు పడిపోయినవాళ్ల కథల్లో చాలావరకు జబ్బే ముదిరి కాళ్లు పడిపోయి ఉంటాయి, నింద సూది మీద పడుతుంది. తర్వాత రెండు రోజులు తలనొప్పి రావడం మాత్రం మామూలే.

మెదడులో వాపు ఎక్కువగా ఉంటే మేమే ఆ నీళ్లు తీయం, అది ప్రమాదం. అందుకే "తీయాలేమో చూస్తాం" అన్నారు. ఎమ్మారై చూసి నిర్ణయిస్తారు.

బెంగళూరు బావ
మధ్యలో ఓ సందేహం. నాకు వైరల్ లోడ్ ఏళ్ల తరబడి దొరకనంత తక్కువే, సీడీ4 ఆరొందల పైన. అలాంటివాళ్లకి కూడా ఫిట్స్ వస్తాయా? ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదు.

నరాల జూనియర్
మీకు వస్తే పక్కింటాయనకి వచ్చే కారణాలతోనే వస్తాయి: తాగుడు అలవాటున్నవాళ్లు హఠాత్తుగా మానేయడం, పక్షవాతం, తలకి పాత దెబ్బ, సోడియం పడిపోవడం, షుగర్ పడిపోవడం. రక్తంలో వైరస్ లేకుండా వెన్నునీళ్లలో మాత్రం దొరకడం అనేది ఉంది, కానీ అరుదు. మాత్ర వేసుకుని పడుకోండి సార్.

నెల్లూరు పిన్ని
నాది ఇంకో రకం ప్రశ్న. మా అక్క కూతురు నా దగ్గరే పెరుగుతోంది, పన్నెండేళ్లు. పుట్టుకతోనే హెచ్‌ఐవీ. చిన్నప్పటి నుంచి ఫిట్స్, వాల్‌ప్రోయేట్ వాడుతుంది. స్కాన్‌లో మెదడు కొంచెం కుంచించుకుందని, లోపల కాల్షియం పేరుకుందని రాశారు. నేను దానికి కాల్షియం మాత్రలు ఇస్తున్నా, దానివల్లేనా?

నరాల జూనియర్
కాదు పిన్నీ. తినే కాల్షియానికీ దీనికీ సంబంధం లేదు. పసితనంలో, మందు మొదలవకముందు వైరస్ మెదడులో చేసిన గాయం మానిన చోట అలా కాల్షియం చేరుతుంది. పుట్టుకతో హెచ్‌ఐవీ వచ్చిన పిల్లల్లో మెదడు లోతట్టు భాగాల్లో ఇలా కనిపించడం తెలిసిన విషయమే. ఆ మచ్చలు ఇక పోవు, అలాగని జబ్బు ఇప్పుడు ముదురుతోందనీ కాదు. వైరల్ లోడ్ ఎంతుందో అదే చూడండి.

కానీ పాప పెద్దమనిషి అయ్యే వయసు. వాల్‌ప్రోయేట్ ఆడపిల్లలకి ముందుముందు గర్భం విషయంలో ఇబ్బంది పెట్టే మందు, బిడ్డకి లోపాలు రావచ్చు. ఇప్పుడే న్యూరాలజిస్టుతో మాట్లాడి వేరే మందుకి మార్చొచ్చేమో అడగండి. మీరు మాత్రం ఆపొద్దు.

మందుల షాపు
కాల్షియం గురించి పిన్నికి ఇంకో మాట. పాప డోలుటెగ్రావిర్ వాడుతుంటే కాల్షియం, ఐరన్ మాత్రలు ఖాళీ కడుపున దానితో కలిపి ఇవ్వొద్దు, మందు ఒంటికి పట్టదు. అన్నంతో పాటైతే రెండూ కలిపి ఇవ్వొచ్చు. లేదంటే డోలుటెగ్రావిర్ వేశాక రెండు గంటలు ఆగి కాల్షియం ఇవ్వండి. గ్యాస్‌కి తాగే యాంటాసిడ్‌కి అన్నం మినహాయింపు కూడా లేదు, డోలుటెగ్రావిర్ ముందు వేసి, రెండు గంటలు ఆగాకే అది తాగాలి.

తెనాలి అక్క
ఆలస్యానికి క్షమించండి, ఆసుపత్రిలో సిగ్నల్ లేదు. ఎమ్మారై చూసి టాక్సో అనే అనుకుని మందు మొదలుపెట్టారు, కోట్రైమాక్సజోల్ పెద్ద డోసులో. వాపు ఉందని నడుంలో నీళ్లు తీయలేదు. అమ్మకి అదే పెద్ద ఊరట. క్రిప్టోకోకస్ టెస్టు నెగటివ్. ఫెనిటోయిన్ మెల్లగా తగ్గిస్తూ లెవెటిరాసెటమ్ ఎక్కించారు. వారం దాటాక ఎడమ చేత్తో గ్లాసు పట్టుకున్నాడు. పదో రోజు దాటాక టీఎల్‌డీ కూడా మళ్లీ మొదలుపెట్టారు. మొత్తం ఆరు వారాలు ఈ మందు, తర్వాత తక్కువ డోసులో చాలాకాలం వాడాలన్నారు. మరి టాక్సోనే అని నిజంగా తేలినట్టేనా? మెదడులోంచి ముక్క తీయకుండానే?

ఇంకోటి, వాడికి కోపం విపరీతంగా వస్తోంది. నిన్న ఇడ్లీలో చట్నీ ఎక్కువైందని పళ్లెం విసిరాడు. వాడలాంటివాడు కాదు.

నరాల జూనియర్
మంచి వార్త అక్కా. టాక్సోని మందుతోనే తేలుస్తాం. సాధారణంగా రెండు వారాల్లో మనిషి కుదుటపడాలి, స్కాన్‌లో మచ్చలు చిన్నవవ్వాలి. అలా కాకపోతేనే బయాప్సీ దాకా ఆలోచిస్తారు. చెయ్యి కదలడం చాలా బలమైన సూచన. తక్కువ డోసు అన్నది మళ్లీ తిరగబెట్టకుండా. సీడీ4 రెండొందలు దాటి ఆరు నెలలు నిలబడేదాకా సాగుతుంది.

కోపం లెవెటిరాసెటమ్ వల్ల కావచ్చు, దానికి ఆ పేరుంది. డాక్టరుకి తప్పకుండా చెప్పండి. డోసు మారుస్తారు, లేదా మందే మారుస్తారు. మీరు ఓర్చుకుని ఊరుకోవద్దు.

సూర్యాపేట మామ
మరి ఆటో? ఆ బాబుకి బతుకుతెరువు అదే కదా.

పాతకాపు
ఆటో ఇప్పుడు కుదరదు మామా. లైసెన్సు దరఖాస్తులో ఫారం 1 ఉంటుంది, మూర్ఛ కానీ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం కానీ ఉందా అని మనచేతే రాయిస్తారు. అందరూ లేదని టిక్కు పెడతారు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ వెనక సీట్లో బడికెళ్లే పిల్లలుంటారు. నేను లారీ దిగి టీ కొట్టు పెట్టా, పొయ్యి దగ్గర కూడా మొదటి రెండేళ్లు నా భార్యే నిలబడింది. ఆంధ్రాలో ఏఆర్‌టీ వాడేవాళ్లకి పింఛను ఉంది చెల్లెమ్మా, మీ సెంటర్‌లో అడిగి పేరు రాయించండి.

రావులపాలెం రాజు
మచ్చలు కరిగిపోయాక ఫిట్స్ మాత్ర జీవితాంతం వాడాలా?

నరాల జూనియర్
తప్పనిసరి కాదు రాజు గారూ. మచ్చ పూర్తిగా పోయి, చాలాకాలం ఫిట్స్ రాకపోతే తగ్గించి ఆపే ప్రయత్నం చేస్తారు. మచ్చ మానిన చోట గీత మిగిలితే కొందరికి వాడుతూనే ఉండాలి. అది స్కాన్ చూసి చెప్పాల్సిన మాట.

తెనాలి అక్క
వాడు మళ్లీ హైదరాబాదే వెళ్తానంటున్నాడు. ఆటో కాదు, గోడౌన్‌లో లెక్కల పని ఉందట. మళ్లీ అదే రూమ్, అదే కుర్రాళ్లు. డబ్బా సంగతే నా భయం.

కౌన్సిలర్ అక్క
వెళ్లేముందు మీ సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ రాయించుకోండి, హైదరాబాద్‌లో పని దగ్గరున్న ఏఆర్‌టీ సెంటర్‌కి పంపుతారు. పుస్తకం మొదటి పేజీలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమనండి. మందు కుదిరి వైరల్ లోడ్ అణిగాక ఒకేసారి రెండు మూడు నెలలకి సరిపడా కూడా ఇస్తారు, నెలనెలా సెలవు పెట్టక్కర్లేదు.

డబ్బా విషయం: లేబుల్ చాలామంది పీకేస్తారు, అది పర్వాలేదు. మాత్రలు మాత్రం వేరే కవర్లో పోయొద్దు, లోపల ఉండే తేమ పీల్చే చిన్న పొట్లం తీసేయొద్దు. గలగలమని చప్పుడొస్తుందని భయమైతే పైన కొంచెం దూది కుక్కమనండి. ఫిట్స్ మాత్ర ఎలాగూ రోజుకి రెండుసార్లు వేసుకుంటాడు కదా, రూమ్‌లో ఎవరైనా అడిగితే అన్నీ ఫిట్స్ మాత్రలే అని చెప్పొచ్చు. ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో ఆ కుర్రాళ్లలో ఒక్కడికైనా నేర్పించమనండి, దానికి హెచ్‌ఐవీ సంగతి చెప్పక్కర్లేదు.

తెనాలి అక్క
దూది సంగతి వాడికి చదివి వినిపించాను. "ఈ మాట పోయిన ఏడాది ఎవరూ చెప్పలేదేం" అన్నాడు. ట్రాన్స్‌ఫర్ కోసం సోమవారం వెళ్తున్నాం. రూమ్‌లో ఒక కుర్రాడిది మా పక్క ఊరే, ఫిట్స్ వస్తే పక్కకి తిప్పాలన్నది అతనికి ఫోన్‌లో నేనే చెప్పాను.